కౌంటరు ఇవతల : పదమూడు, పదిహేను, పద్నాలుగు

పోయిన సంచికలో నామినేషన్ ఫారం గురించి రాసినందుకు ఒక పాఠకురాలు పోస్టుకార్డు రాశారు. "మీ శీర్షిక చదువుతుంటే బ్యాంకు క్యూలో నిలబడ్డట్టే ఉంటోంది. ఒక్కసారైనా ఇంటి సంగతి రాయకూడదా?" అని. న్యాయమైన ఫిర్యాదే. అందుకని ఈసారి కౌంటరు దిగి ఇంటికే వస్తున్నాను. లెక్కల్ని మాత్రం పూర్తిగా వదిలిపెడతానని హామీ ఇవ్వలేను, ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి.

ఇది పర్లాకిమిడిలో ఉండే మా బావగారి సంగతి. 2018లో నాలుగు రోజులపాటు ఆయన తన బుర్ర పాడైపోయిందని నమ్మారు. అలా నమ్మించింది ఒక ఆట. ఆ ఆట తయారుచేసినవాణ్ణి నేను.

బావగారి అబ్బాయి, అంటే మా మేనల్లుడు, 2006లో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్ళాడు. 2009లో సెలవులకి వచ్చినప్పుడు, "మావయ్యా, నీకు లెక్కలంటే సరదా కదా, ఇది ఉంచుకో" అని తను వాడిన కాలిక్యులేటరు ఒకటి నా చేతిలో పెట్టాడు. మన కౌంటర్లమీద ఉండే రకం కాదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.ఐ-83 ప్లస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటరు. 1999లో బజార్లోకి వచ్చింది. సమీకరణం ఇస్తే తెరమీద గ్రాఫు గీసి చూపిస్తుంది. అక్కడ హైస్కూలు పిల్లల నుంచీ ఇలాంటివి వాడతారట. బి.కాం. వాణ్ణి, నాకు సైను వక్రాలతో ఏం పని? అయితే దాంట్లో వడ్డీలకీ వాయిదాలకీ వేరే ఒక విభాగం ఉంది. నెల రోజులు ఇంటి అప్పుల వాయిదాలు లెక్కకట్టి ముచ్చట తీర్చుకున్నాను. తర్వాత ఒక ఆదివారం దాంట్లో ప్రోగ్రాం రాసుకునే మీట ఉందని కనిపెట్టాను. ఆ రోజు మా ఆవిడ మూడుసార్లు భోజనానికి పిలిచింది.

ఆ యంత్రం శక్తి ఎంతో చెబితే మీకు నవ్వొస్తుంది. తెరమీద అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 64. అక్షరాలైతే లైనుకి 16 చొప్పున 8 లైన్లు. మనకి వాడుకోవడానికి ఉండే చోటు సుమారు 24 కిలోబైట్లు. ఇవాళ ఫోనుతో తీసే ఒక్క ఫోటో అందులో పట్టదు. కాని ఇరుకింట్లో సంసారం చేసినవాళ్ళకే సామాను ఎలా సర్దాలో తెలుస్తుంది.

దాంట్లో ఏ ఆట పెట్టాలన్న దానికి ఎక్కువ ఆలోచించలేదు. మా చిన్నతనంలో బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతరలో ప్లాస్టిక్ ఆటవస్తువు ఒకటి అమ్మేవారు. చదరపు చట్రంలో 1 నుంచి 15 దాకా అంకెలున్న బిళ్ళలు, ఒక ఖాళీ గడి. పక్కనున్న బిళ్ళని ఖాళీలోకి జరుపుతూ జరుపుతూ అన్నింటినీ వరసలో పెట్టి, ఖాళీని చివరి మూలకి తేవాలి. మీలో చాలామంది ఆడే ఉంటారు. విసుగేసినప్పుడు గోటితో బిళ్ళల్ని ఊడబెరికి, ఎలా పడితే అలా మళ్ళీ నొక్కేసేవాళ్ళం కూడా. ఆ ఊడబెరకడం సంగతి కాస్త గుర్తుంచుకోండి, దాంతో మళ్ళీ పని పడుతుంది.

2010 వేసవిలో మొదటి ప్రోగ్రాం రాశాను. లైనుకి 16 అక్షరాలు, బిళ్ళకి నాలుగేసి. 8 లైన్లు, బిళ్ళకి రెండేసి. కొలతలిచ్చి కుట్టించినట్టు సరిపోయింది. ఆట నడిచింది గాని ఆడాలనిపించేది కాదు. మీట నొక్కిన ప్రతిసారీ తెర మొత్తం చెరిపేసి పదహారు గడుల్నీ మొదటినుంచి రాసేది. ఒక్కొక్క ఎత్తుకీ రెండేసి సెకన్లు. లెడ్జరులో ఒక్క పద్దు దిద్దడానికి పేజీ అంతా తిరగరాసే గుమాస్తా ఉంటే ఎలా ఉంటుంది, అలాగ. జరిగేది ఒక్క బిళ్ళే కాబట్టి మారేవి రెండు గడులే: బిళ్ళ వదిలిన చోటు, చేరిన చోటు. ఆ రెండే రాయమన్నాను. ఆట ఒక్కసారిగా చురుకైపోయింది. కాకపోతే వదిలిన చోటుని చెరపడానికి ఒక్క ఖాళీ అక్షరమే రాయించాను. దాంతో 12 అక్కణ్ణించి జరిగితే 1 చెరిగి 2 మిగిలిపోయేది. తెరమీద రెండు రెళ్ళు! పదిహేను బిళ్ళల ఆటలో పదహారో బిళ్ళ ఎక్కణ్ణించి వచ్చిందా అని గంటసేపు తల పట్టుకున్నాను. రెండు ఖాళీలు రాయిస్తే పోయింది.

బాణం మీటల దగ్గర ఇంకో తమాషా. ఏ మీట నొక్కారో యంత్రం ఒక సంఖ్య రూపంలో చెబుతుంది. ఎడమకి 24, పైకి 25, కుడికి 26. అయితే కిందికి 27 కదా అని రాసేశాను. కింది బాణం నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. తర్వాత తెలిసింది, ఆ సంఖ్యలో మొదటి అంకె మీట ఏ వరసలో ఉందో, రెండోది ఎన్నో స్థానంలో ఉందో చెబుతుందని. కింది బాణం మూడో వరసలో నాలుగోది కాబట్టి దాని సంఖ్య 34. మన సేఫ్ డిపాజిట్ లాకర్ల నంబర్లకి మల్లేనన్నమాట.

ఆ తర్వాత చేసిన బాగులు రెండు. ఈ కథంతా ఆ రెండింటివల్లే జరిగింది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఒకటి, ఆట మధ్యలో ఆపి మర్నాడు కొనసాగించే వీలు. ప్రోగ్రాం ఆగినా బోర్డు దాచిన పట్టిక యంత్రంలో అలాగే ఉంటుంది. కాబట్టి మొదట్లో "పాత ఆటా, కొత్త ఆటా?" అని అడిగించాను.

రెండోది బిళ్ళల్ని కలపడం. మొదట్లో నేను రాసిన పద్ధతి ఏమిటంటే, అన్నీ వరసలో ఉన్న బోర్డుతో మొదలుపెట్టి, యంత్రమే ఖాళీని ఇష్టం వచ్చినట్టు ఇన్నూరు ఎత్తులు తిప్పేది. చిన్నపిల్లలు చట్రం పట్టుకుని గలగలా జరిపినట్టు. బాగానే కలిసేది గాని దాదాపు నిమిషం పట్టేది. నిమిషం అంటే కాలిక్యులేటరు పట్టుకుని ఎదురుచూసేవాడికి యుగం. 2012లో ఒక చిట్కా కనిపెట్టాను. 1 నుంచి 15 దాకా ఒక జాబితా, పక్కన పదిహేను యాదృచ్ఛిక సంఖ్యల జాబితా. రెండోదాన్ని ఆరోహణ క్రమంలో పెట్టమంటే మొదటిది కూడా దాని వెనకాలే చెల్లాచెదురై కూర్చుంటుంది. ఆ పదిహేనింటినీ గడుల్లో నింపి ఖాళీని చివరి మూలలో ఉంచడమే. రెండే రెండు సెకన్లు! నిమిషం పనిని రెండు సెకన్లకి దించానని మేనల్లుడికి ఉత్తరం కూడా రాశాను. వాడు "సూపర్ మావయ్యా" అన్నాడు.

ఆ తర్వాత ఆరేళ్ళలో నేను చాలా బోర్డులు మధ్యలోనే వదిలేశాను. దాదాపు చివరిదాకా వచ్చి, ఆఖరి రెండు బిళ్ళలూ కుదరక, విసుగొచ్చి కొత్త ఆట నొక్కేసేవాణ్ణి. నాకు ఓపిక తక్కువ అనుకున్నాను తప్ప, ఇన్నిసార్లు ఒకే చోట ఎందుకు ఆగుతున్నానని ఒక్కనాడూ అడుక్కోలేదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు ఇతరుల పుస్తకాల్లో ఇలాంటివి కనబడితే రెండు పేజీలు రాసేవాణ్ణి.

ఇక బావగారి గురించి. ఆయన చదువు స్కూలు ఫైనలే. పర్లాకిమిడిలో ఒక రైసు మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్ళు లెక్కలు రాశారు. నేను 1993లో బ్యాంకులో గుమాస్తాగా చేరినప్పుడు కంప్యూటర్లు లేవు, సేవింగ్సు లెడ్జర్లు చేత్తో రాసి బ్యాలెన్సు చేసేవాళ్ళం. నా మొదటి బ్యాలెన్సింగులో 270 రూపాయలు తేడా వచ్చింది. మూడు రాత్రులు వెతికాను, దొరకలేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి, ముద్ద దిగడం లేదు. శెలవురోజు బావగారు ఏదో పనిమీద మా ఊరు వచ్చి నా మొహం చూసి సంగతి అడిగారు. "270 తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది కదయ్యా. అంటే ఎక్కడో అంకెలు తారుమారు పడ్డాయి. తొమ్మిదితో భాగిస్తే 30. పదుల అంకె వందల్లోకి, వందల అంకె పదుల్లోకి వెళ్ళాయి, ఆ రెండింటికీ తేడా 3. అలాంటి పద్దులు మాత్రమే చూడు" అన్నారు. సోమవారం అరగంటలో దొరికింది. 1,740 రాయాల్సిన చోట 1,470 రాశాను. బి.కాం.లో నాకెవరూ ఆ కిటుకు అంత బాగా చెప్పలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను గురువుగారు అనుకునే మనిషి ఆయనే.

2018 వానాకాలంలో బావగారికి పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల తేలికపాటిదే. మాట పోలేదు. కుడిచెయ్యి మాత్రం పట్టు తప్పింది, వేళ్ళు వణికేవి. వేళ్ళకి పని చెప్పాలి, ఒక్కొక్క వేలితో నొక్కడం అలవాటు చెయ్యాలి అని ఫిజియోథెరపీ ఆయన చెప్పారట. ఫోనులో ఆటలున్నాయి గాని, వణికే వేలు ఒకచోట తాకబోతే ఇంకోచోట తాకుతుంది, మధ్యలో ప్రకటనలు వచ్చి ఎక్కడికో తీసుకుపోతాయి. కాలిక్యులేటరు మీటలైతే గట్టిగా నొక్కితేనే లోపలికి దిగుతాయి, నొక్కినట్టు వేలికి తెలుస్తుంది. పైగా ఆయన కొడుకు చదువుకున్న యంత్రం. ఇంతకంటే మంచి మందు ఏముంటుంది అనుకుని, కొత్త సెల్లులు నాలుగు వేసి, పర్లాకిమిడి వెళ్ళి ఇచ్చి వచ్చాను. ఆట నేర్పడానికి పది నిమిషాలు పట్టింది.

మొదటి పది రోజులూ బాగా గడిచాయి. మూడు బోర్డులు తేల్చారని అక్క ఫోనులో చెప్పింది. ఏ బోర్డూ మధ్యలో వదలరట. వదలడం ఆయన స్వభావంలోనే లేదు, మిల్లులో అణా తేడాకి అర్ధరాత్రిదాకా కూర్చున్న మనిషి.

తర్వాత ఒక శుక్రవారం రాత్రి అక్క మళ్ళీ ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "ఒరే తమ్ముడూ, ఆ మెషీను నువ్వొచ్చి పట్టుకుపోరా. నాలుగు రోజులై అన్నం సరిగ్గా తినడం లేదు. రాత్రి రెండింటికి లేచి దీపం వేసుకుంటున్నారు. ఇవాళ పాలవాడి లెక్క చూడమంటే, నేను చూడలేను, నా బుర్రమీద నాకు నమ్మకం లేదు, ఇకనుంచి నువ్వే చూసుకో అన్నారు. పాసుబుక్కులూ బీరువా తాళాలూ కూడా నాకిచ్చేశారు."

శనివారం మధ్యాహ్నం బస్సెక్కాను.

బావగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో కాలిక్యులేటరు, పక్కన రూళ్ళ నోటుపుస్తకం. నన్ను చూసి నవ్వారు గాని ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "నీ ఆట మంచిదేనయ్యా. ఆడేవాడే చెడిపోయాడు" అన్నారు. తెర చూశాను. పై మూడు వరసలూ పొందిగ్గా 1 నుంచి 12 దాకా ఉన్నాయి. ఆఖరి వరసలో 13, 15, 14, ఖాళీ.

నోటుపుస్తకం తిప్పాను. ఎడమచేత్తో రాసిన వంకర అంకెలు. ఎత్తులన్నీ వరసగా రాశారు. ఆ మూడూ విడదీసి, పక్కనున్నవి కదిపి, చుట్టూ తిప్పి మళ్ళీ కూర్చారు. ఆఖరుకి ప్రతిసారీ ఒకటే: 13, 15, 14. పదకొండుసార్లు. ప్రతి ప్రయత్నం కిందా రెండు గీతలు గీసి, తేదీ వేసి, పక్కన "తేడా" అని రాసుకున్నారు. ఆఖరి పేజీలో "డాక్టరుగారు చెప్పనిది ఇదే కాబోలు" అని ఒక్క వాక్యం ఉంది. అది నేను చదవడం ఆయన చూశారు. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి నేను కూర్చున్నాను. నాకూ అదే వచ్చింది: 13, 15, 14. ఎన్ని విధాల తిప్పినా అదే. పదకొండు గంటలకి ఫోను తీసి ఈ ఆట గురించి వెతికాను. పావుగంటలో నా తప్పు నాకు దొరికింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఈ ఆట 1870ల నాటిది. న్యూయార్క్ రాష్ట్రంలోని కెనస్టోటా అనే ఊళ్ళో పోస్టుమాస్టరుగా పనిచేసిన నోయిస్ చాప్‌మన్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. 1880లో అమెరికా అంతా దీని పిచ్చిలో పడింది. తర్వాత శామ్ లాయిడ్ అనే పజిళ్ళ రచయిత దీన్ని కనిపెట్టింది తనేనని చెప్పుకున్నాడు. అది నిజం కాదని జెర్రీ స్లోకమ్, డిక్ సోనెవెల్డ్ అనే ఇద్దరు 2006లో పుస్తకమే రాశారు. ఆ లాయిడ్ 14, 15 మాత్రం తారుమారుగా ఉన్న బోర్డుని సరిచేసినవారికి వెయ్యి డాలర్ల బహుమతి ప్రకటించాడు. ఆ బహుమతి ఎవరికీ రాలేదు. రాదు కూడా. ఎందుకంటే ఆ బోర్డు తేలదు. తేలదని జాన్సన్, స్టోరీ అనే ఇద్దరు గణితవేత్తలు 1879లోనే అమెరికన్ జర్నల్ ఆఫ్ మాథమెటిక్స్‌లో నిరూపించేశారు. బావగారి ఒళ్ళో నాలుగు రోజులు ఉన్నది సరిగ్గా ఆ బోర్డే.

ఎందుకు తేలదో మనలాంటివాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పవచ్చు. బోర్డుమీది సంఖ్యల్ని పుస్తకం చదివినట్టు ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి ఒకే వరసగా చదవండి. ఖాళీని వదిలెయ్యండి. పెద్ద సంఖ్య ముందూ చిన్న సంఖ్య తర్వాతా వచ్చిన ప్రతి జంటా ఒక తారుమారు అనుకుందాం. అన్నీ సరిగ్గా ఉంటే తారుమార్లు సున్నా. బావగారి బోర్డులో 15, 14 జంట ఒక్కటే, కాబట్టి ఒకటి. ఇప్పుడు బిళ్ళని పక్కకి జరిపితే చదివే వరస మారదు, లెక్కా మారదు. పైకో కిందికో జరిపితే ఆ బిళ్ళ వరసలో సరిగ్గా మూడు బిళ్ళల్ని దాటుతుంది. దాటిన ఒక్కొక్కదానితో ఒక తారుమారు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. మూడుసార్లు ఒకటొకటి కలిపినా తీసినా మొత్తంమీద వచ్చే మార్పు 1 గాని 3 గాని, అంటే బేసి. కాబట్టి నిలువు ఎత్తు వేసినప్పుడల్లా సరి ఉన్నది బేసి, బేసి ఉన్నది సరి అవుతుంది. అయితే మూల నుంచి బయల్దేరిన ఖాళీ తిరిగి మూలకి చేరాలంటే ఎన్నిసార్లు పైకి వెళ్ళిందో అన్నిసార్లు కిందికి దిగాలి. అంటే నిలువు ఎత్తులు మొత్తం సరిసంఖ్య. కనుక బేసితో మొదలైన బోర్డు, ఎన్ని తిప్పలు పడినా, ఖాళీ మూలకి వచ్చేసరికి బేసిగానే ఉంటుంది. సున్నా సరిసంఖ్య. దారి లేదు.

ఖాళీ మూలలో ఉండగా పదిహేను బిళ్ళల్ని పేర్చగల విధాలు 1,30,767 కోట్లపైన ఉన్నాయి. సరిగ్గా సగం తేలతాయి, సగం తేలవు. నా పాత పద్ధతిలో యంత్రం న్యాయమైన ఎత్తులే వేస్తూ కలిపేది కాబట్టి వెనక్కి వచ్చే దారి ఎప్పుడూ ఉండేది. ఆ నిమిషం ఊరికే పోలేదు, ఆ భరోసా కొనడానికి ఖర్చయింది. నా గొప్ప చిట్కా చేసింది ఏమిటి? జాతరలో కొన్న ఆటవస్తువుని గోటితో ఊడబెరికి మళ్ళీ నొక్కడం. బావగారికి మొదట మూడు మంచి బోర్డులు పడ్డాయి. అది బొమ్మా బొరుసా ఆటలో వరసగా మూడుసార్లు బొమ్మ పడటం లాంటిది. నాలుగోసారి బొరుసు పడింది. ఇక పాత ఆట దాచిపెట్టే నా రెండో బాగు ఉంది కదా, అది ఆ బొరుసుని రోజూ పొద్దున్నే భద్రంగా తీసి ఆయన చేతిలో పెట్టింది.

పొద్దున్న కాఫీ తాగాక చెప్పాను. "బావగారూ, తప్పు మీది కాదు, నాది. ఆ బోర్డు ఎవరికీ తేలదు." ఆయన వెంటనే నమ్మలేదు. నేను ఓదార్చడానికి చెబుతున్నానేమోనని అనుమానం. "కాగితంమీద చూపించు" అన్నారు. నోటుపుస్తకంలో ఆయన రాసుకున్న ఎత్తులే తీసుకుని, నిలువు ఎత్తులకి పెన్సిలుతో టిక్కు పెడుతూ లెక్కపెట్టాం. పదకొండు ప్రయత్నాల్లోనూ సరిసంఖ్యే. ఒక ప్రయత్నంలో ఒకటి తక్కువ వచ్చింది. ఆయన మళ్ళీ లెక్కపెట్టి, "ఇక్కడ ఒక టిక్కు వదిలేశావు" అని చూపించారు. నిజమే, వదిలేశాను.

అప్పుడు నోటుపుస్తకం మూసి చాలాసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. నేను క్షమాపణ చెప్పబోతే చేత్తో వారించారు. "మా మిల్లులో ఒకసారి ఓపెనింగ్ బ్యాలెన్సే తప్పుగా దింపి ఇచ్చారు. నెలంతా నా పద్దుల్లో తప్పు వెతుక్కున్నాను" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం ఆ మాట గట్టిగానే తగిలింది.

నేను ఒక మార్గం ఆలోచించుకుని ఉన్నాను: కలిపాక తారుమార్లన్నీ లెక్కపెట్టించి, బేసి వస్తే ఏవో రెండు బిళ్ళలు మార్చెయ్యడం. పదిహేను బిళ్ళలకి 105 జంటలు సరిచూడాలి, మళ్ళీ ఆలస్యం. అది చెబుతుంటే బావగారు మధ్యలో అడిగారు.

"రెండు బిళ్ళలు ఒకదాని చోట ఒకటి పెడితే సరి బేసి అవుతుందన్నావు కదా. ఏ రెండైనానా?"

"ఏ రెండైనా అంతేనండి."

"అయితే ముందు కలిపేసి తర్వాత ఆడిట్ చెయ్యడం ఎందుకయ్యా? అంతా సరిగ్గా ఉన్న బోర్డుతోనే మొదలుపెట్టు. రెండేసి బిళ్ళలు మార్చుకుంటూ పో. జంట మార్పులు చెయ్యి, అంటే మొత్తం మార్పులు సరిసంఖ్య ఉండాలి. ఒక తప్పు చేస్తే ట్రయల్ బ్యాలెన్సు పడదు. దానికి సరిపడా ఇంకో తప్పు కూడా చేస్తే పడి ఊరుకుంటుంది. కాంపెన్సేటింగ్ ఎర్రర్. నీ బి.కాం.లో చెప్పలేదూ?"

చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. రాత్రంతా కూర్చుని నాకు తట్టనిది, బుర్ర పోయిందనుకున్న మనిషికి కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే తట్టింది. అక్క వంటింటి గుమ్మంలోంచి వింటోంది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి ఇంకో రెండు గ్లాసుల కాఫీ తెచ్చింది.

అక్కడే వరండాలో ప్రోగ్రాం మార్చాను. నలభై మార్పులు చేయించాను. ఒక మెలిక మాత్రం ఉంది. యంత్రం ఎంచిన రెండు గడులూ ఒకటే అయితే మార్పు జరగనట్టే, అయినా లెక్కలో ఒకటి పడిపోతుంది, సరి బేసి తప్పుతుంది. అలాంటప్పుడు లెక్కపెట్టకుండా మళ్ళీ ఎంచమని రాశాను. బావగారికి చెబితే, "అది పద్దు కాదు కదా, కలం ఎత్తి దించినట్టు" అన్నారు. అయిదారు సెకన్లలో కలవడం అయిపోతోంది. ఆ అయిదారు సెకన్లూ తెర ఖాళీగా ఎందుకుండాలని, ఇంగ్లీషు అక్షరాల్లో "ఆగండి బావగారు" అని రాయించాను. మధ్య ఖాళీతో కలిపి సరిగ్గా 16 అక్షరాలు, లైను నిండా వచ్చింది.

కొత్త పద్ధతిలో పడిన మొదటి బోర్డుని ఆయన ఆ సాయంత్రమే తేల్చారు. 214 ఎత్తులు. ఏ బోర్డయినా 80 ఎత్తుల్లోపే తేల్చవచ్చని నిపుణులు చెబుతారని నేనంటే, "వాళ్ళకి పక్షవాతం వచ్చిందేమో కనుక్కో" అన్నారు. రాత్రి భోజనాల దగ్గర, నాలుగు రోజులై ముడిచి పెట్టిన పాలవాడి చీటీ ఏదని అక్కని అడిగారు. ఆదివారం ఆఖరి బస్సుకి నేను తిరిగి వచ్చేశాను. ఇలాంటి యంత్రాలు ఇళ్ళల్లో ఉన్న పాఠకులెవరైనా అడిగితే ప్రోగ్రాం రాసి పంపగలను, మొత్తం ఒక పేజీ కంటే ఎక్కువ ఉండదు. యంత్రం లేనివాళ్ళు అట్టముక్కలు పదిహేను కోసుకుని 13, 15, 14 పేర్చి పిల్లలకి ఇవ్వవచ్చు. అయితే అది తేలదన్న మాట అదే రోజు చెప్పెయ్యండి.

బావగారి చెయ్యి ఇప్పుడు సంతకానికి సరిపడా కుదిరింది. బోర్డుకి ఒక పేజీ చొప్పున పుస్తకం నడుపుతున్నారు: తేదీ, ఎత్తులు, పట్టిన సమయం. ఎత్తులు తను చేత్తో లెక్కపెట్టుకోవడం ఏమిటి, యంత్రమే చూపించాలి కదా అని ఈ మధ్య ఫిర్యాదు పెట్టారు. ఎనిమిదో లైను ఖాళీగానే ఉంది. వచ్చే శని, ఆదివారాల్లో వెళ్ళి అక్కడ పెట్టిరావాలి.